ఓపెన్ కంట్రీ ఎల్క్ వేటకి స్కోప్: ఉన్న 3-9 ఉంచుకోనా, 6-24 కొననా?

కొలరాడో_కుర్రోడు
అందరికీ నమస్తే. ఈ ఏడాది కొలరాడో రెండో రైఫిల్ సీజన్‌కి బుల్ ఎల్క్ (పెద్ద జాతి జింకలో మగది) ట్యాగ్, అంటే వేట పర్మిట్, తీసుకున్నాను. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు వచ్చింది, ఆరెంజ్ వెస్టూ టోపీ కొన్నాను. వెళ్ళేది క్రెయిగ్, మీకర్ మధ్య ఉన్న బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ) భూములకి. మ్యాప్‌లో చూస్తే అంతా సేజ్‌బ్రష్ పొదలు, మధ్యలో జూనిపర్ చెట్ల గుట్టలు, వాగులు. తుపాకీ .30-06 (తూటా రకం) బోల్ట్ యాక్షన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాంతోపాటే ఒక పాత 3-9x40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) వచ్చింది. మా ఆఫీసులో వేటకెళ్ళే ఒకాయన "ఓపెన్ కంట్రీలో 9 ఎక్స్ ఏ మూలకి, 6-24x50 తీసుకో" అంటున్నాడు. బడ్జెట్ 800 డాలర్లు. ఇంట్లో ఒప్పుకున్నది అంతవరకే. రేంజ్‌లో 200 గజాల దగ్గర పేపర్ ప్లేటు తప్పట్లేదు, 300 దగ్గర కొన్ని బయటికి పోతున్నాయి. ఏది కొనమంటారు?

పాతకాపు
స్వాగతం తమ్ముడూ. ముందు ఆ 6-24 సంగతి తేల్చేద్దాం, వద్దు.

కారణం లెక్కలోనే ఉంది. స్కోప్ ముందు అద్దం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే, వెనక నుంచి నీ కంటికి చేరే వెలుగు కిరణం ఎంత వెడల్పో వస్తుంది. దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 50ని 24తో భాగిస్తే 2 మిల్లీమీటర్ల చిల్లర. నీ పాత 3-9x40ని 6 ఎక్స్ మీద పెడితే 6.6. మసక చీకట్లో వయసులో ఉన్న మనిషి కనుపాప 6, 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. 2 మిల్లీమీటర్ల కిరణం వస్తే ఆ కంటికి బొమ్మ చీకటిగానే ఉంటుంది, ఎంత ఖరీదైన అద్దమైనా సరే. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు. ఎల్క్ బయటికొచ్చి మేసేది సరిగ్గా ఆ రెండు కొసల్లోనే. పట్టపగలు అవి ఎక్కడో నీడలో పడుకుని నెమరేస్తుంటాయి.

నిజమే, ఆ 6-24ని కూడా 6 మీద పెట్టుకోవచ్చు, వెలుగు బాగానే వస్తుంది. కానీ 6కి కిందకి దిగదు, తంటా అక్కడే. 6 ఎక్స్‌లో 100 గజాల దగ్గర కనిపించే వెడల్పు సుమారు 17 అడుగులు. ఆ జూనిపర్లలో 50 గజాల దూరంలో బుల్ లేచిందనుకో, నీకు కనిపించేది 8 అడుగులు. బుల్ పొడవే దాదాపు అంత. గుండ్రం నిండా గోధుమ రంగు బొచ్చు తప్ప భుజం ఎక్కడో, తొడ ఎక్కడో తెలియదు. 3 ఎక్స్‌లో ఆ వెడల్పు రెట్టింపు. మైదానం అంటారు గానీ, ఆ మైదానంలో ఎల్క్ దొరికేది చాలాసార్లు వాగు మలుపులోనే.

మిల్‌డాట్
పాతకాపు గారితో సగమే ఏకీభవిస్తా. 6-24 వద్దన్నది రైట్. అలాగని 3-9 దగ్గర ఆగిపోవడం కూడా ఈ రోజుల్లో అనవసరం. 3-15 లేదా 4-16, ఫస్ట్ ఫోకల్ ప్లేన్, 0.1 మిల్ (కోణం కొలత) టరెట్లు, అంటే గురి సరిచేసే మరలు, తిప్పాక మొదటి చోటికి తెచ్చి ఆపే జీరో స్టాప్. ఇదీ నా లిస్టు.

ఫస్ట్ ఫోకల్ ఎందుకంటే, మాగ్నిఫికేషన్ పెంచితే రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) కూడా దాంతోపాటే పెరుగుతుంది కాబట్టి గీతల కొలత ఎప్పుడూ ఒక్కటే. సెకండ్ ఫోకల్‌లో గీతల కొలత ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే కరెక్టు, మామూలుగా అది గరిష్ఠం దగ్గర. 9 ఎక్స్ దగ్గర 2 ఎంఓఏ (ఇదీ కోణం కొలతే) చూపించే గీత, 4.5 దగ్గర 4 ఎంఓఏ అవుతుంది. టెన్షన్‌లో మాగ్నిఫికేషన్ రింగు ఎక్కడుందో చూసుకోకుండా 400 గజాలకి ఆ గీతతో పట్టుకుంటే 8 అంగుళాలు తేడా. జంతువు గాయపడి కొండ దాటేస్తుంది.

వయోమింగ్_వదిన
మిల్‌డాట్ గారూ, ఆ మాట నిజమే గానీ రెండో వైపు కూడా చెప్పాలి కదా. ఫస్ట్ ఫోకల్ రెటికిల్ 3 ఎక్స్ మీద వెంట్రుకలా సన్నబడుతుంది. సాయంత్రం చివరి పది నిమిషాల్లో, సేజ్ బూడిదరంగు మీద గోధుమరంగు జంతువు, దాని మీద ఆ వెంట్రుక. కనపడదు. అప్పుడు రెటికిల్‌కి లైటు కావాలి, లైటుకి బ్యాటరీ కావాలి, చలికి బ్యాటరీ నీరసిస్తుంది. పైగా లైటున్న రెటికిళ్ళ మీద, స్కోప్‌కి తగిలించే ఎలక్ట్రానిక్స్ మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. ఆ ఏటి రెగ్యులేషన్ పుస్తకం చూడకుండా కొనొద్దు.

మేముండేది రాక్ స్ప్రింగ్స్ దగ్గర, మావారూ నేనూ రెడ్ డెజర్ట్ వైపు తిరుగుతాం. అంతకంటే ఓపెన్ కంట్రీ ఎక్కడా ఉండదు. నా తుపాకీ మీద ఉన్నది సెకండ్ ఫోకల్ 3.5-10x40, మందపాటి డూప్లెక్స్ రెటికిల్ (కొలత గుర్తులు లేని మామూలు అడ్డం నిలువు గీతలు). కుర్రోడు గారూ, నా సలహా మీకు వింతగా ఉండొచ్చు: ఆ 800 స్కోప్ మీద పెట్టకండి. మీ దగ్గర మంచి బైనాక్యులర్, రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచేది) ఉన్నాయా? మొదటి పోస్టులో వాటి ఊసే లేదు.

కొలరాడో_కుర్రోడు
బైనాక్యులర్ ఉంది వదినా, క్రికెట్ చూడ్డానికి కొన్న చిన్న 8x21. రేంజ్‌ఫైండర్ లేదు. స్కోప్‌తోనే వెతుక్కోవచ్చు కదా, అందుకే ఎక్కువ మాగ్నిఫికేషన్ అడిగాను.

పాతకాపు
అయ్యో తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు! స్కోప్‌తో వెతకడమంటే గుండు నింపిన తుపాకీ గొట్టాన్ని ఏముందో తెలియని చోటికల్లా గురిపెట్టడం. అటువైపు గుట్ట మీద కూర్చున్నది ఇంకో వేటగాడు కావచ్చు. హంటర్ ఎడ్యుకేషన్‌లో ఇది మొదటి గంటలోనే చెప్పి ఉంటారు. జంతువు అని, కాల్చదగ్గ జంతువు అని బైనాక్యులర్‌లో ఖాయమయ్యాకే తుపాకీ పైకి లేవాలి.

వయోమింగ్_వదిన
అదే నేను చెప్పబోయింది. ఓపెన్ కంట్రీలో రోజులో ఎక్కువ భాగం కూర్చుని చూడ్డమే. 10x42 బైనాక్యులర్, వీలైతే ట్రైపాడ్ మీద. కొండవాలుని అడ్డంగా, వరస తప్పకుండా, నెమ్మదిగా గాలించాలి. మొత్తం ఎల్క్ కనిపిస్తుందని ఎదురుచూడకండి. పడుకున్న ఎల్క్ అంటే ఒక చెవి, లేదా కొమ్ము కొస, లేదా పసుపుపచ్చగా మెరిసే పిరుదు. 8x21లో తెల్లవారుజామున అవేవీ దొరకవు. మీ 3-9 నిలకడగా ఉంటే సుమారు 400 బైనాక్యులర్‌కీ, ఇంకో రెండు మూడొందలు రేంజ్‌ఫైండర్‌కీ పెట్టండి. సేజ్ మైదానంలో కొలతకి అందే చెట్టూ చేమా ఉండవు, కంటి అంచనాకి 300 గజాలూ 450 గజాలూ ఒకేలా అనిపిస్తాయి. మీ .30-06ని 200కి జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేస్తే, 300 దగ్గర 8 అంగుళాలు, 400 దగ్గర 22 అంగుళాల దాకా పడిపోతుంది. దూరం తెలియకపోతే 24 ఎక్స్ ఉన్నా ఒకటే, 4 ఎక్స్ ఉన్నా ఒకటే.

బాయిసీ_బుల్లోడు
+1 వదినకి. ఇంకో సంగతి, బరువు. లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ 3.5-10x40 సుమారు 13 ఔన్సులు. వోర్టెక్స్ రేజర్ ఎల్‌హెచ్‌టీ 3-15x42 సుమారు 19. అదే కంపెనీ పోటీల కోసం చేసే 4.5-27x56 అయితే 48 ఔన్సులు, అంటే ఒకటిన్నర కిలోకి కాస్త తక్కువ. అంత బరువు తుపాకీ పైన కూర్చుంటే భుజాన వేసుకున్న ప్రతిసారీ పక్కకి వాలిపోతుంది. 8 వేల అడుగుల ఎత్తులో, కొత్తవాళ్ళకి ఊపిరే అందదు. బుల్ పడితే ముక్కలు చేసి మాంసం వీపు మీద మోసుకురావడం వేరే ఉంది, ఎముక తీసేసినా 200 పౌన్ల మాట. స్కోప్ కొనేటప్పుడు షాపు ఏసీలో ఇవేవీ గుర్తురావు.

మిల్‌డాట్
బరువు ఒప్పుకుంటా, కానీ 19 ఔన్సులు ఎవరినీ చంపదు. నేను చెప్పిందీ ఆ తరగతే, 48 ఔన్సుల బండ కాదు. కుర్రోడు గారూ, రేపు మీరు ప్రాక్టీసు పెంచి 500, 600 గజాలకి వెళ్ళాలనుకుంటే డూప్లెక్స్ రెటికిల్‌తో ఏం చేస్తారు? గాలిలోకి చూసి అంచనా వేస్తారా? టరెట్ తిప్పి కొట్టడం నేర్చుకోండి. 400 గజాలకి 22 అంగుళాలంటే 1.5 మిల్, 15 క్లిక్కులు. అంతే, లెక్క అయిపోయింది.

వయోమింగ్_వదిన
ఎత్తు లెక్క అయిపోయింది, గాలి లెక్కో? మా దగ్గర గాలి లేని రోజు పేపర్లో వెయ్యాలి. గంటకి 10 మైళ్ళ గాలి పక్క నుంచి కొడితే 400 గజాల దగ్గర గుండు ఒక అడుగు దాకా జరుగుతుంది, 600 దగ్గర రెండడుగులు దాటుతుంది. పైగా మనం నించున్న గట్టు మీద గాలి ఒకటి, మధ్యలో లోయలో ఇంకొకటి. మీరు 4 మైళ్ళు తప్పు అంచనా వేశారనుకోండి, 400 దగ్గర 5 అంగుళాల తేడా, ఊపిరితిత్తుల అంచుకి తగులుతుంది. 600 దగ్గర అదే తప్పు 10 అంగుళాలు దాటి పొట్టలో పడుతుంది. ఇంకా గుండు 500 గజాలు చేరడానికే అరసెకను పైన పడుతుంది, ఆ లోపల మేస్తున్న జంతువు ఒక అడుగు వెయ్యొచ్చు. దీనికి ఏ స్కోపూ మందు కాదు. 300 దగ్గర ప్లేటు తప్పుతున్న మనిషికి 600 ఆశ పెట్టకండి, బాబూ.

మిల్‌డాట్
600 ఈ సీజన్‌కి అనలేదు వదినా. పొట్ట ఆనించి, బైపాడ్ మీద, ఏడాది పొడవునా ఇనుప పలకల మీద సాధన చేసినవాళ్ళ మాట అది. గాలి సంగతిలో మీతో వాదన లేదు. ఎత్తు టరెట్ మీద తిప్పాలి, గాలి రెటికిల్‌తో పట్టాలి, అందుకే గీతలున్న రెటికిల్ కావాలంటున్నా. డూప్లెక్స్‌లో గాలికి పట్టుకోవడానికి ఏముంది, శూన్యం!

పాతకాపు
ఇద్దరూ మంచి స్కోప్ గురించే మాట్లాడుతున్నారు. అసలు ఆ పాత 3-9 బాగుందో లేదో ఎవరూ అడగలేదు. దాన్ని పరీక్షించడం తేలిక. 100 గజాల దగ్గర పెద్ద కాగితం మీద నిలువు గీత గీసి కింద ఒక చుక్క పెట్టు. ఆ చుక్కకి మూడు గుళ్ళు కొట్టు. పైకి 20 క్లిక్కులు తిప్పి, గురి మాత్రం అదే చుక్క మీద ఉంచి మూడు కొట్టు. పావు ఎంఓఏ క్లిక్కయితే రెండో గుంపు 5 అంగుళాల పైచిలుకు ఎత్తులో, గీత మీదే పడాలి. మళ్ళీ 20 వెనక్కి తిప్పి మూడు కొట్టు, మొదటి గుంపులో కలవాలి. కలవకపోతే ముందు స్కోప్‌ని తుపాకీకి బిగించే రింగులూ బేసు స్క్రూలూ చూడు, స్కోప్‌ని తిట్టే ముందు. టార్క్ రెంచ్‌తో బిగించు, రింగుల పై స్క్రూలకి చాలామంది తయారీదారులు 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు చెబుతారు. చేతి బలంతో బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది. అన్నీ సరిగ్గా ఉండి కూడా గుంపు తిరుగుతుంటే అప్పుడు స్కోప్ పోయినట్టే.

టెక్సాస్_తమ్ముడు
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నా. మా ఫ్రెండ్‌తో పాటు వెళ్దామనుకుంటున్నా, అతని రెండో రైఫిల్ ఇస్తానంటున్నాడు. నేను తుపాకీ పట్టుకోవచ్చా?

బాయిసీ_బుల్లోడు
జాగ్రత్త బ్రో. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. అరువు తీసుకున్నదైనా అంతే. ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు అదే తుపాకీ నేరమవుతుంది. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ నిషేధం లేదు. మీ వీసా భవిష్యత్తు దీని మీద ఆధారపడి ఉంది కాబట్టి ఈ థ్రెడ్ నమ్మి వెళ్ళొద్దు, ఒక గంట ఫీజు కట్టి లాయర్‌ని అడగండి.

నల్లమల_బాబాయ్
ఇండియా నుంచి చదువుతున్నాను. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇక్కడ మన తరం వేట అనేది పెద్దల నోట వినడమే, మీ కబుర్లు సరదాగా ఉన్నాయి. మా బావగారికి లైసెన్స్ ఉన్న పాత రైఫిల్ ఒకటుంది, టార్గెట్ షూటింగ్‌కి వెళ్తుంటారు. ఆ 3-9 మీకు అక్కర్లేకపోతే సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో వేసుకొస్తారా?

పాతకాపు
బాబాయ్ గారూ, అడగడం తప్పు లేదు గానీ ఆ పని ఎవరూ చెయ్యకండి. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి, ఇండియాకి పంపాలంటే లైసెన్స్ కావాలి. పాతదైనా, బహుమతి అయినా, చెకిన్ లగేజీలో అయినా రూలు అదే. వెళ్ళే విమానాశ్రయంలో పట్టుకుంటే పోయేది స్కోప్ ఒక్కటే కాదు.

కొలరాడో_కుర్రోడు
పాతకాపు గారి పరీక్ష చేశాను. 20 క్లిక్కులకి గుంపు పైకి వెళ్ళింది, వెనక్కి తిప్పితే మాత్రం మొదటి చోటికి రాకుండా రెండంగుళాలు పక్కన కూర్చుంది. రింగులు ఊడదీసి టార్క్ రెంచ్‌తో బిగించి మళ్ళీ కొట్టాను, అదే కథ. అంటే 300 దగ్గర ప్లేటు తప్పింది నా చెయ్యి ఒక్కటే కాదన్నమాట. ఇప్పుడు స్కోప్ మార్చక తప్పదు. బైనాక్యులర్ మా పక్కింటి వేటగాడు సీజన్‌కి అరువిస్తానన్నాడు, 10x42. రేంజ్‌ఫైండర్‌కి 200 పక్కన పెడితే స్కోప్‌కి, రింగులకి కలిపి 600. ఈ డబ్బుకి పేర్లు చెప్పండి.

వయోమింగ్_వదిన
అరువు బైనాక్యులర్ అంటే పక్కింటాయన బంగారం. 600 అటూ ఇటూగా నేనైతే వీఎక్స్-3హెచ్‌డీ 3.5-10x40 సీడీఎస్ తీసుకుంటా, సేల్‌లో చూడండి. మీ గుండు, వేగం, ఎత్తు వివరాలు పంపితే గజాలు ముద్రించిన డయల్ ఒకటి కంపెనీ వాళ్ళే ఉచితంగా చేసిస్తారు. 350 అని తిప్పి కొట్టడమే, మిల్లులూ ఎంఓఏలూ బుర్రలో కూడిక చెయ్యక్కర్లేదు. కొత్తవాళ్ళకి ఇది మంచి మధ్యేమార్గం.

మిల్‌డాట్
బుల్లోడు చెప్పిన ఎల్‌హెచ్‌టీ ఈ బడ్జెట్‌లో రాదు. వదిన చెప్పింది తీసుకోండి, కాకపోతే డూప్లెక్స్ బదులు గాలికి గీతలున్న రెటికిల్ ఎంచుకోండి. ఆ డయల్ మాత్రం డెన్వర్ అపార్ట్‌మెంట్ ఎత్తుకి కాదు, వేటాడే చోటికి చేయించండి. సముద్రమట్టానికి చేసిన డయల్ క్రెయిగ్ దగ్గర 6 వేల అడుగుల పలచటి గాలిలో 400 గజాలకి అంగుళం పైచిలుకు ఎత్తుగా కొడుతుంది. గుండు వేగం కూడా పెట్టె మీద రాసింది నమ్మొద్దు, గొట్టం పొట్టిదైతే తగ్గుతుంది. రేంజ్‌లో ఎవరి దగ్గరైనా క్రోనోగ్రాఫ్ ఉంటే ఐదు గుళ్ళు కొలిపించుకోండి.

కొలరాడో_కుర్రోడు
చాలా థ్యాంక్స్ అందరికీ. 50 ఎంఎం మోడల్ కూడా ఉంది షాపులో, వెలుగు ఎక్కువట. 100 డాలర్లు తేడా. తీసుకోనా?

పాతకాపు
వద్దు. 40 ఎంఎంని 6 మీద పెడితేనే నీ కన్ను పట్టగలిగినంత వెలుగు వస్తోంది. నాలాంటి వయసువాళ్ళకి కనుపాప 5 దాటి తెరుచుకోదు, మాకైతే 50 శుద్ధ దండగ. పైగా 50 ఎంఎంకి రింగులు ఎత్తు పెంచాలి, చెంప స్టాక్ (తుపాకీ పిడి) మీద ఆనకుండా తేలుతుంది, గురి ప్రతిసారీ మారుతుంది. ఆ 100కి తూటాలు కొనుక్కుని 300 దగ్గర కూర్చుని, మోకాలి మీద, బ్యాగ్ మీద కొట్టడం అలవాటు చెయ్యి. బెంచీ మీద కొట్టిన గుంపు సేజ్‌లో పనికిరాదు, అక్కడ బెంచీ ఎవడు వేస్తాడు.

ఒక ముక్క, బిగించేటప్పుడు ఐ రిలీఫ్ (కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం) వేట జాకెట్ తొడుక్కునే సరిచూసుకో. టీ షర్టు మీద సరిపోయింది మందపాటి జాకెట్‌తో సరిపోదు. పైకి గుట్ట వైపు కాల్చేటప్పుడు కన్ను ఇంకా దగ్గరవుతుంది, .30-06 వెనక్కి తన్నితే స్కోప్ అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది. కొలరాడో రేంజుల్లో ఆ ముద్ర ఉన్నవాళ్ళు బోలెడుమంది.

బాయిసీ_బుల్లోడు
వెనక కంటి అద్దం ఫోకస్ కూడా ఇంటి దగ్గరే చేసుకోండి. ఆకాశం వైపు పెట్టి చటుక్కున చూసి కళ్ళు తిప్పెయ్యాలి, రెటికిల్ మొదటి క్షణంలోనే నల్లగా కనిపించేదాకా రింగు తిప్పుతూ పోవాలి. తేరిపార చూస్తూ కూర్చుంటే కన్నే సర్దుకుంటుంది, ఫోకస్ కుదరదు.

క్యాంపులో రాత్రి తుపాకీని హీటర్ పక్కకి తేకండి. గుళ్ళు తీసేసి, తాళం వేసి ట్రక్కులోనే చలికి వదిలెయ్యండి. వెచ్చటి టెంట్‌లోకి తెస్తే అద్దాల మీద తేమ పేరుకుంటుంది, తెల్లారి బయటికి తీస్తే అదే మంచు పొర. లోపల నైట్రోజన్ నింపారు కాబట్టి పొగమంచు పట్టదని పెట్టె మీద రాసింది లోపలి సంగతి, పైన పట్టేది మన ఊపిరే.

కొలరాడో_కుర్రోడు
ఆర్డర్ పెట్టేశాను, 3.5-10x40, గాలి గీతలున్న రెటికిల్‌తో. దూరం ఈ ఏడాదికి 300 దాటను. డయల్ కోసం వేగం కొలవాలి, శనివారం అరోరా వైపు రేంజ్‌కి ఎవరైనా క్రోనోగ్రాఫ్ తెస్తారా?

మిల్‌డాట్
నేను తెస్తా. ఉదయం 8కి, గాలి లేవకముందే. మీరు వేటకి వాడబోయే తూటాలే తీసుకురండి, చవకవి కాదు.